ముక్కు కుట్టిన ఆంబోతు

(గరికలంక: పదకొండో వారం)

పోయిన వారం నాంచారమ్మను పామర్రు దాటిన రోడ్డు మీద, మండే ఎండలో వదిలి వచ్చాం. ఈ వారమే ఆమెను కలుసుకుంటున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. దివిసీమలో, కృష్ణ పాయల నడుమ గరికలంక. అక్కడి గొల్లల మందకంతటికీ ఒక్కటే ఆంబోతు. వరదలో దూడల్ని ఒడ్డుకు చేరుస్తూ కొట్టుకుపోయిన తన మొగుడి పేరున మూడేళ్ల కిందట నాంచారమ్మే దాన్ని అచ్చు వేయించి ఊరికి వదిలింది. నాలుగు రోజుల కిందట అది మాయమైంది. లంకలో మగవాళ్లంతా రెల్లు దుబ్బుల్లోనూ కరకట్టల మీదా వెతుకుతుంటే, పులిగడ్డ రేవులో బల్లకట్టు నడిపే పున్నారావు ఆమెకొక్కదానికే ఒక మాట చెప్పాడు. నలుగురు మనుషులు ఆంబోతును ఏరు దాటించారనీ, గుడివాడలో రైలెక్కిస్తామని చెప్పుకున్నారనీ. ఆ నలుగురూ ఎవరయ్యా అంటే మాత్రం మొహం తిప్పుకున్నాడు. నాంచారమ్మ మందను కూతురు తిరపతమ్మకు అప్పజెప్పి ఒంటరిగా బయల్దేరింది. దారిపొడుగునా గిట్టల జాడ చూసుకుంటూ, కనపడినవాళ్లనల్లా అడుగుతూ, రెండు రోజులు నడిచింది.

గుడివాడ స్టేషను చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. కాళ్లు బొబ్బలెక్కి పగిలిపోయాయి. ఆ సంగతి ఆమెకు గూడ్సు షెడ్డు ముందు రాతిపలకల మీద కాలు పెట్టాకగాని తెలియలేదు. పలకలు పెనంలా కాలుతున్నాయి.

షెడ్డు పక్కన కంచెకు వరసగా పది కోడెలు కట్టేసి ఉన్నాయి. అన్నీ తెల్లవే, మేలిరకాలే. ఎవరి మందలనుంచి ఎత్తుకొచ్చారో, ఏ రైతు చేత ఏం చెప్పి అమ్మించారో! నాంచారమ్మ ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ పోయింది. ఎంత కోపంలో ఉన్నా చూపు ఊరుకోదు కదా. దీని మూపురం ఒక పక్కకు ఒరిగింది. దీని వెన్ను పొడుగు, దున్నకానికి పనికొస్తుందిగాని మందకు పనికిరాదు. ఇదిగో, దీని తల్లి మంచి పాడి అయి ఉండాలి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేసిన పని అది. పది కోడెలూ చూసింది. తనది అందులో లేదు.

అప్పుడు వినపడింది రంకె.

షెడ్డుకు అవతలి పక్క గూడ్సు పెట్టెకు చెక్కబల్లలు ఏటవాలుగా వాల్చారు. ఆ బల్లల మొదట్లో ముందుకాళ్లు నేలలో పాతేసినట్టు నిలబడి ఉంది ఆంబోతు. ఆరుగురు కూలీలు వెనకనుంచి దుంగ పెట్టి నెడుతున్నారు. అది కదలదు. మోర ఎత్తి రంకె వేస్తుంది, మళ్లీ నిలబడుతుంది. కళ్లకు అడ్డంగా ఎవరిదో తలపాగా గుడ్డ చుట్టారు.

నాంచారమ్మ రెండడుగులు పరిగెత్తి ఆగిపోయింది. దాని ముక్కు కనపడిందామెకు.

ముక్కు కుట్టేశారు. కొత్త తాడు. తాడు చుట్టూ నెత్తురు గడ్డకట్టి నల్లబడింది, దాని మీద ఈగలు ముసురుతున్నాయి.

ఆంబోతుకు ముక్కు కుట్టరు. బండికి కట్టరు, కాడి మెడకెత్తరు, మెడకు పలుపు కూడా వెయ్యరు. ఏ ఆవు ఎదకొస్తే ఆ ఆవు దగ్గరికి పోతుంది, ఏ పొలంలో గడ్డి బావుంటే ఆ పొలంలో మేస్తుంది. తోలితే పోతుంది, లేకపోతే లేదు. గరికలంకలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. దాన్నిప్పుడు ఒంగోలు సంతలో దున్నపోతును పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

దాని తలదగ్గర ఒక మనిషి ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో ముక్కుతాడు పట్టుకుని, రెండో చేత్తో గంగడోలు నిమురుతూ, "హో... హోయ్ నాయనా... హో..." అని మెల్లగా బుజ్జగిస్తున్నాడు. ఆ బుజ్జగింపు ఆమెకు తెలుసు. ఆమె మొగుడు గొడ్లను అలాగే పిలిచేవాడు. అలా పిలవడం అతను ఇంకొక్కడికే నేర్పాడు.

"దైవాధీనం," అని పేరు పెట్టి పిలిచింది నాంచారమ్మ.

ఆ మనిషి చెయ్యి గంగడోలు మీదే ఆగిపోయింది. తిరిగి చూశాడు. ఆమె మొగుడి తోడబుట్టిన తమ్ముడు. నాలుగు రోజుల కిందట ఆంబోతు కనపడలేదని తెలిసినప్పుడు అందరికన్నా ముందు కర్ర పట్టుకుని ఎగువ కరకట్ట మీదికి వెతకబోయినవాడు. ఆ పూట అన్నం కూడా ముట్టలేదు అతను. పాపం తిండి మానేశాడని తిరపతమ్మ చద్ది మూట కట్టి ఇచ్చి పంపింది.

"ముక్కెవరు కుట్టారు?"

"వదినా, ముందు నే చెప్పేది విను..."

"ముక్కెవరు కుట్టారని అడుగుతున్నా."

దైవాధీనం తల దించాడు. "నేనే. వాళ్లు కుడితే మెత్తటెముక చీల్చేసేవాళ్లు. అందుకని నేనే కుట్టా."

నాంచారమ్మ చెయ్యి లేచింది. ఆ చెంప పగిలిపోయేట్టు కొట్టేదే. కాని తాడు అతని చేతిలో ఉంది. మనిషి ఊగితే పచ్చిముక్కు చీరుకుపోతుంది. లేచిన చెయ్యిని అలాగే వెనక్కి దించుకుంది. ఆ దెబ్బ ఆమె ఒంట్లోనే ఉండిపోయింది.

"వీళ్లకు లొంగదు, నీకైతే లొంగుతుందని తెచ్చుకున్నారన్నమాట నిన్ను. మీ అన్న నేర్పిన పిలుపు ఇందుకా పనికొచ్చింది?"

కూలీలు దుంగ దించేశారు. గొడవ విని షెడ్డులోనుంచి ఇద్దరు మనుషులు బయటికొచ్చారు. ముందు వచ్చినాయన వెంకట్రామయ్య, బందరునుంచి పశువుల బేరం చేసే దళారి. సముద్రం అవతల ఎక్కడో దొరలు మన తెల్లగొడ్లకు ఆశపడుతున్నారని వినగానే ఈ పనిలోకి దిగాడు. వెనక వచ్చినాయన గూడ్సు గుమాస్తా దయానందం, చెవి మీద కలం, చేతిలో రసీదు పుస్తకం.

"ఎవరమ్మా నువ్వు? లోడింగు జరిగేచోట ఆడవాళ్లకేం పని?" అన్నాడు వెంకట్రామయ్య గొడుగు తెరుస్తూ.

"అది గరికలంక ఆంబోతు. దాన్ని దించండి."

"ఇంకా ఎక్కందే దించడమెక్కడిది?" అని నవ్వాడాయన. జేబులోనుంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "ఇదిగో. తన ఇంట పుట్టిన కోడెను ఇష్టపూర్తిగా అమ్ముకున్నానని మీ దైవాధీనం వేలిముద్ర వేశాడు. మీ మునసబు సాక్షి సంతకం పెట్టాడు. ఇంకేం కావాలి?"

"ఇంట పుట్టిన కోడెనా? తొడ మీద అచ్చు కనపట్టంలా నీకు? దేవుడికి, ఊరికి వదిలిన ఎద్దది. దొంగిలించుకొచ్చారు."

"దొంగిలించాం అంటున్నావు. సరే. ఎవరిది?"

నాంచారమ్మ ఎద్దు తొడ మీది అచ్చు వైపు చూసింది.

"చెప్పు తల్లీ. నీదా?" వెంకట్రామయ్య గొంతు చక్కెరలా తియ్యగా మారింది. "నీది కాదు, వదిలేశావు. ఊరిదా? ఊరికి పేరుందిగాని వేలు లేదు, ముద్ర వెయ్యడానికి. ఆంబోతు ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిదాన్ని తోలుకుపోతే దొంగతనం కాదని పెద్ద కోర్టులోనే చెప్పారు. నేను ప్లీడర్ని అడిగే దిగా ఈ బేరంలోకి. కాగితం లేకపోయినా నన్నెవరూ ఏం చెయ్యలేరు, మర్యాదకు రాయించుకున్నా."

నాంచారమ్మకు ఒక్క క్షణం చెవులు గింగుర్లెత్తాయి. ఎవరిదీ కాదట! మూడేళ్లు అందరిదీ అయినందుకు ఇప్పుడు ఎవరిదీ కాకుండా పోయిందట! ఏ ఇంటి ఆవుకైనా చూలు కట్టించింది. ఏ ఇంటి దొడ్డి ముందు నిలబడినా కుడితితొట్టి ముందుకు జరిపారు. చలిమిడి ముద్ద చేసినా, ఉలవలు నానబెట్టినా ముందు దానికే పెట్టారు. ఆ మంచితనాన్నంతా ఈ మనిషి ఒక్క మాటతో సందు చేసుకుని, ఆ సందులోంచి ఎద్దును తోలుకుపోతున్నాడు.

ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "బాబూ, నువ్వు చదువుకున్నవాడివి. ఈయన చెప్పేది నిజమేనా?"

దయానందం ఇబ్బందిగా కదిలాడు. "కోర్టు సంగతి నాకు తెలీదమ్మా. నాకు తెలిసింది రైల్వే రూలు. సరుకు నాదని ఇంకొకరు రాసిస్తే మాత్రం నేను లోడు చెయ్యను. తగువు సరుకు కింద షెడ్డులో కట్టేస్తా. రేపు పొద్దున హెడ్డు కానిస్టేబులు వచ్చి విచారిస్తాడు."

"నాదని రాసిస్తేనా?"

"ఊరిదంటే కుదరదు. దేవుడిదంటే కుదరదు. నాది అనాలి."

వెంకట్రామయ్య గొడుగు కింద చిరునవ్వు నవ్వుతున్నాడు. ఆమె ఆ మాట అనదని ఆయనకు నమ్మకం. అనదనే దైవాధీనానికీ నమ్మకం. తాడు వదలకుండానే అతను గబగబా అన్నాడు:

"వదినా, ఆ మాట అనకు. అన్నయ్య శవం కూడా దొరకలా మనకు. ఒక గుప్పెడు బూడిదన్నా లేదు. ఆయన పేరున ఇచ్చింది ఇదొక్కటే. నాది అన్నావంటే ఇచ్చిందాన్ని వెనక్కి తీసుకున్నట్టే. ఆయనకేమీ మిగలదు. అది పోతే పోయింది, నువ్వామాట మాత్రం..."

"నోర్ముయ్!"

అరుపుకు కంచె దగ్గర కోడెలు కూడా మోరలెత్తాయి.

"మీ అన్న పుణ్యం గురించి నువ్వు మాట్లాడతావా? మీ అన్న పేరున వదిలినదాని ముక్కు పొడిచినప్పుడు లేదా ఈ భయం? వేలిముద్ర వేసినప్పుడు లేదా? నువ్వు అమ్మొచ్చు, నేను నాదనకూడదు! నీ తప్పు కప్పిపుచ్చుకోడానికి నా నోట్లో ఆయన్ని కుక్కుతావా?"

"గడ్డేది వదినా?" దైవాధీనం గొంతు కూడా లేచింది ఇప్పుడు. "చెప్పు, గడ్డేది? ఎగువ లంక దున్నేసి పసుపు వేశారు. పల్లపు లంకలో మిరప. మనది ఇవాళో రేపో. మేతకని మెట్ట మీదికి తోలితే బందెలదొడ్డిలో పెడుతున్నారు. అచ్చు వేసిన ఎద్దని కూడా చూడకుండా పోయిన్నెల దాని మీద వేడినీళ్లు పోశారు. ఎన్నాళ్లుంటుందిట్టా? నాకు రెండెకరాలు పట్టా ఇప్పిస్తానన్నాడు మునసబు. నా పిల్లలు గొడ్ల వెనక తిరగరు. నాగలి పట్టుకుంటారు. అది తప్పా?"

నాంచారమ్మకు ఇవన్నీ తెలిసినవే. అందులో అబద్ధం లేదు. అబద్ధం లేకపోవడమే ఆమె కోపాన్ని ఇంకా మండించింది.

"నీకు నాగలి కావాలంటే నన్నడిగి పట్టుకోవాల్సింది. నా మందలో ఎడ్లజత నేనే ఇచ్చి పంపేదాన్ని. మంద కళ్లు పొడిచి తెచ్చుకునే నాగలి నాకొద్దు, నీ పిల్లలకూ వద్దు." ఆమె గుమాస్తా దగ్గరికి నడిచింది. "రాసుకో బాబూ. ఆ ఎద్దు నాది."

వెంకట్రామయ్య నవ్వు ఆగిపోయింది.

దయానందం చెవి మీది కలం తీశాడు. "గుర్తులు చెప్పు."

"వయసు ఏడేళ్లు. మూపురం నిటారు, మూపు మీదా మెడ మీదా బూడిదచాయ. కళ్ల చుట్టూ కాటుక గీసినట్టు నలుపు. గిట్టలు నలుపు, తోక కుచ్చు నలుపు. దీని తల్లి చుక్కావు, ఎనిమిది ఈతలు ఈనింది, ఒక్క దూడా చావలేదు. చుక్కావు తల్లి గౌరావు. గౌరావును మా అత్త పుట్టింటినుంచి తెచ్చుకుంది. దాని తల్లి మల్లావు, కరువులో కూడా పాలు తగ్గలేదని చెప్పుకునేవాళ్లు. దాని పైన బొల్లావు, దాని పైన రేచావు, ఆ పైన కపిల, ఆ పైన ముసలావు. ముసలావుకు ముందు నాకు తెలీదు."

కలం మల్లావు దగ్గరే ఆగిపోయింది. వెంకట్రామయ్య గొడుగు పక్కకు ఒరిగిపోయినా చూసుకోకుండా ఆమెవైపు చూస్తున్నాడు.

"ఏడు తరాలా!" అన్నాడాయన, తన బేరం తానే మరిచిపోయి. "తండ్రి వరస?"

"ఎగువ లంక కోడె. నాలుగేళ్లకోసారి వాళ్లదిక్కడికి, మాదక్కడికి మార్చుకుంటాం. ఏ ఎద్దూ తన కూతుళ్ల మీదికి పోకూడదు. వంద కోడెదూడలు పుడితే తొంభైతొమ్మిది కాడికి పోతాయి, ఒక్కటి నిలబెడతాం. దీన్ని నిలబెట్టింది నేను. ఈ ఎండాకాలం మందలో నలభై ఆవులు దీనికి చూలు కట్టాయి. వచ్చే ఏడు ఏ ఎద్దు కట్టాలి వాటికి? మునసబు వచ్చి కడతాడా?"

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. దయానందం దగ్గి, తల వంచి రాసుకున్నాడు.

"ఎవరి పేరున వదిలారు?"

లంకలో అందరూ ఆ ఎద్దును ఆమె మొగుడి పేరు పెట్టే పిలిచేవాళ్లు. ఆమె ఒక్కతే సామీ అనేది. కాపరానికొచ్చిన నాటినుంచి మొగుడి పేరు ఆమె నోట రాలేదు. అతను బతికున్నప్పుడూ రాలేదు, వరద తగ్గాక బురదలో వారంరోజులు వెతికినప్పుడు కూడా రాలేదు. మావా, మావా అని అరిచిందిగాని పేరు పెట్టి పిలవలేదు.

"పేరు కావాలమ్మా. రాయకపోతే చెల్లదు."

"వీరాసామి," అంది నాంచారమ్మ గట్టిగా. "వీరాసామి పేరున వదిలాను. వీరాసామి పెళ్లాన్ని నేను. ఇచ్చింది నేనే, వెనక్కి తీసుకుంటున్నదీ నేనే. పాపం వస్తే నాకే రానియ్యండి."

వేలు సిరాలో ముంచి కాగితం మీద అద్దింది. తర్వాత ఎద్దు దగ్గరికి పోయి, దాని కళ్లకు కట్టిన గుడ్డ విప్పి దైవాధీనం కాళ్ల దగ్గర పడేసింది. ముక్కుతాడు అతని చేతిలోనుంచి తీసుకుంది. ఎద్దు వెలుతురుకు కళ్లు చికిలించి ఆమెను చూసింది. బల్లలు వదిలి, ఆమె వెనకే నడిచొచ్చింది. అంతసేపూ ఆరుగురు నెట్టినా కదలని కాళ్లు! ముక్కు మీది ఈగల్ని ఆమె కొంగుతో తోలుతుంటే అప్పుడొచ్చింది ఏడుపు. కాని ఆ మనుషుల ముందు ఏడవడానికి ఆమెకు మనసొప్పలేదు. మింగేసింది.

వెంకట్రామయ్య నింపాదిగా షెడ్డు అరుగు మీద కూర్చున్నాడు. "రేపు విచారణలో తేలుతుందిగా. నాకేం తొందర లేదు."

అప్పుడు దైవాధీనం కింద కూలబడ్డాడు. అన్న పేరు వదిన నోట విన్న దగ్గరినుంచీ అతని మొహంలో నెత్తురు లేదు.

"వదినా, నువ్విక్కడుండకు. పో."

"ఎందుకు?"

"ఎద్దు ఒక్కటే కాదు. ఎద్దు పోతే మగాళ్లంతా వెతకబోతారని మునసబుకు తెలుసు. నువ్వు లంకలో ఆగవనీ తెలుసు. రేపు మధ్యాన్నం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు లంక చూడ్డానికొస్తున్నాడు. ఆయనొచ్చేసరికి అక్కడ ఒక్క గొడ్డుండకూడదు. గొడ్లు లేని లంక బీడని రాసేస్తారు, బీడు సాగుకిచ్చేస్తారు. తెల్లారగట్ల మనుషుల్ని పెట్టి మందంతా తోలేస్తారు."

"మంద దగ్గర తిరపతమ్మ ఒక్కతే ఉంది."

"తెలుసు." దైవాధీనం మొహం చేతుల్లో దాచుకున్నాడు. "అది అడ్డం నిలబడుద్దని కూడా తెలుసు."

నాంచారమ్మకు ఒళ్లంతా చల్లబడింది. ఆ చల్లదనం కింద కోపం నిప్పులా అలాగే ఉంది.

"బాబూ," అంది గుమాస్తాతో, "నేను రేపు హెడ్డు వచ్చే వేళకు ఉండకపోతే?"

దయానందం చెప్పలేక చెప్పాడు. "నీ తరఫున ఎవరన్నా ఉండి చెప్పాలమ్మా. ఎవరూ లేకపోతే ఈయన కాగితమే నిలబడుతుంది, రేపటి బండికి ఎద్దు ఎక్కుతుంది." ఒక్క నిమిషం ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "ఆ కాగితం మీద వేలిముద్ర వేసినవాడే ఎద్దు నాది కాదు, మా వదినది అని చెబితే మాత్రం ఇంక దానికి తిరుగులేదు. మీ లంక వైపు, చల్లపల్లి పోయే మోటారు ఇప్పుడే బజార్లో బయల్దేరుతోంది."

బజారువైపునుంచి మోటారు బస్సు హారను వినపడింది. ఆమె ఇంతకుముందెన్నడూ బస్సెక్కలేదు.

నాంచారమ్మ ఎద్దును చూసింది, అరుగు మీద కూర్చున్న వెంకట్రామయ్యను చూసింది. దైవాధీనం దగ్గరికి పోయి అతన్ని రెక్కపట్టి లేపింది. ముక్కుతాడు అతని చేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ మూసింది.

"వదినా, నాకా? నన్ను నమ్మి..."

"నిన్ను నమ్మి కాదు. నాకింకో చెయ్యి లేదు. ముక్కుకు పసుపు, నూనె రాయి. రాత్రి పడుకోకు. రేపు హెడ్డు వస్తే ఏం చెబుతావో అది నీ ఇష్టం. కాని చెప్పేటప్పుడు ఎద్దును చూస్తూ చెప్పు."

వెనక్కి తిరిగి చూడకుండా రాతిపలకల మీద పరిగెత్తింది. బస్సు కదిలే చప్పుడు. షెడ్డు మలుపు తిరుగుతుంటే ఆమె చెవిన పడింది వెంకట్రామయ్య గొంతు, ఎంతో ఆప్యాయంగా, పక్కింటి చుట్టాన్ని పలకరించినట్టు:

"కూర్చో దైవాధీనం, కూర్చో. రెండెకరాలేగా మునసబు ఇస్తానన్నది?"